గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: నివారణ, గుర్తింపు, చికిత్స

కిందటి పాఠంలో రొమ్ము క్యాన్సర్ గురించి చదువుకున్నారు. రొమ్ములో గడ్డ చేతికి తగులుతుంది కాబట్టి అనుమానం వచ్చి డాక్టరు దగ్గరకు వెళ్లే అవకాశం కొంతైనా ఉంటుంది. ఈ పాఠంలో చెప్పుకోబోయే వ్యాధి కంటికి కనిపించదు, చేతికి తగలదు, మొదలైన చాలా ఏళ్ల వరకు నొప్పి కూడా పెట్టదు. "నాకేం బాధ లేదు, బాగానే ఉన్నాను" అనే మాటకు ఈ జబ్బు విషయంలో విలువ లేదు. పాఠమంతటా ఈ సంగతి మనసులో ఉంచుకోండి. పరీక్ష ఎందుకు, టీకా చిన్న వయసులోనే ఎందుకు, చికిత్స మధ్యలో ఎందుకు ఆపకూడదు అనే మూడు ప్రశ్నలకూ దీనితో సంబంధం ఉంది.

2022 సంవత్సరపు అంతర్జాతీయ అంచనాల ప్రకారం ప్రపంచంలో సుమారు 6,60,000 మంది స్త్రీలకు ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చింది. సుమారు 3,50,000 మంది చనిపోయారు. మన దేశం వాటా అందులో సుమారు 1,27,000 కొత్త కేసులు, 80,000 మరణాలు. అంటే ఈ జబ్బుతో ప్రపంచంలో చనిపోయే ప్రతి అయిదుగురిలో ఒకరికి మించి భారతీయ స్త్రీలే. మన దేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్ తరవాతి స్థానం దీనిదే.

1. గర్భాశయ ముఖద్వారం

కాడ వైపు సన్నగా ఉండే జామకాయను కాడ కిందికి వచ్చేలా పట్టుకుంటే ఎలా ఉంటుందో గర్భాశయం ఇంచుమించు అలా ఉంటుంది. ఆ సన్నని కింది భాగం యోనిలోకి తెరుచుకుంటుంది. దానినే గర్భాశయ ముఖద్వారం అంటారు. నెలసరి రక్తం బయటికి వచ్చేది, కాన్పు సమయంలో బిడ్డ తల పట్టేంతగా వెడల్పయ్యేది ఇదే.

ముఖద్వారం బయటి వైపున పొలుసుల్లాంటి చదునైన కణాలు అనేక వరుసల్లో పేర్చి ఉంటాయి. లోపలి కాలువలో పొడవాటి స్తంభాకార కణాలు ఒకే వరుసలో ఉంటాయి. ఈ రెండు రకాలూ కలిసే చోటు జీవితమంతా ఒకే స్థానంలో ఉండదు. యవ్వనంలో అది బయటికి జరుగుతుంది. అక్కడి స్తంభాకార కణాలు క్రమంగా చదునైన కణాలుగా మారుతూ ఉంటాయి. మార్పు జరిగే ఈ ప్రాంతాన్ని పరివర్తన మండలం అంటారు. క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ ఇక్కడే మొదలవుతుంది. కణాలు చురుకుగా మారుతున్న చిన్న వయసులో పెళ్లి, కాపురం మొదలైతే ప్రమాదం పెరగడానికి ఇది ఒక కారణం. ముట్లుడిగిన తరవాత ఈ మండలం మళ్లీ కాలువ లోపలికి వెళ్లిపోతుంది. పరీక్షల గురించి చదివేటప్పుడు ఈ సంగతి అవసరపడుతుంది, గుర్తుంచుకోండి.

2. వైరస్ నుంచి క్యాన్సర్ దాకా

ఈ క్యాన్సర్‌కు మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్, క్లుప్తంగా హెచ్.పి.వి. దీనిలో 200కు పైగా రకాలున్నాయి. చేతుల మీద, కాళ్ల మీద వచ్చే సాధారణ పులిపిర్లు కూడా ఈ కుటుంబం వల్లనే వస్తాయి. క్యాన్సర్‌కు దారితీసేవి సుమారు 14 రకాలు. వాటిలో 16, 18 అనే రెండు రకాలే దాదాపు 70 శాతం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు కారణం. జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983లో 16వ రకాన్ని, మరుసటి ఏడు 18వ రకాన్ని ఈ క్యాన్సర్ కణజాలంలో గుర్తించింది. అంతవరకు చాలామంది హెర్పిస్ వైరస్‌ను అనుమానించేవారు. ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ప్రయోగశాలల్లో నేటికీ పెంచుతున్న హీలా కణాల గురించి జీవశాస్త్ర విద్యార్థులు వినే ఉంటారు. అవి 1951లో ఈ క్యాన్సర్‌తోనే చనిపోయిన హెన్రియెట్టా లాక్స్ అనే అమెరికన్ నల్లజాతి స్త్రీ నుంచి, ఆమె అనుమతి లేకుండా తీసినవి. ఆ కణాల్లోనూ 18వ రకం వైరస్ జన్యుపదార్థం దొరికింది.

హెచ్.పి.వి. లైంగిక సంపర్కం ద్వారా వ్యాపిస్తుంది. ఈ వాక్యం దగ్గరే మన సమాజంలో చర్చ ఆగిపోతుంది. సంపర్క తరగతుల్లో స్త్రీలు చీటీల మీద రాసి పంపే ప్రశ్నల్లో నేను ఎక్కువగా చూసింది కూడా ఇదే: "పరీక్షలో వైరస్ ఉందని వస్తే ఇంట్లో నా గురించి ఏమనుకుంటారు?" జవాబు సూటిగా చెప్పాలి. కాపురం చేసే స్త్రీపురుషుల్లో ఎక్కువమందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది. భర్త తప్ప మరొకరిని ఎరగని స్త్రీకి భర్త ద్వారా సోకవచ్చు. ఆ భర్తకు అది పెళ్లికి ముందు ఎప్పుడో సోకి ఉండవచ్చు. ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో పరీక్ష చెప్పలేదు. కాబట్టి వైరస్ ఉండటాన్ని నడవడికకు గుర్తుగా తీసుకోవడం శాస్త్రానికి నిలవదు. కండోమ్ వాడితే సోకే అవకాశం తగ్గుతుంది గాని పూర్తిగా పోదు, ఎందుకంటే కండోమ్ కప్పని చర్మం ద్వారా కూడా ఇది అంటుకుంటుంది.

వైరస్ సోకినవారిలో నూటికి 90 మందికి రెండేళ్లలోపే శరీరం దానిని తనంతట తానే అణచివేస్తుంది. మిగిలిన కొద్దిమందిలో అది కణాల్లో తిష్ఠ వేస్తుంది. కణవిభజనకు కళ్లెం వేసే పి53, ఆర్‌బి అనే రెండు రక్షక ప్రోటీన్లను వైరస్ తయారుచేసే ప్రోటీన్లు పనిచేయకుండా చేస్తాయి. కళ్లెం తెగిన కణాలు అడ్డదిడ్డంగా విభజన చెందుతాయి. ఈ క్యాన్సర్ పూర్వ మార్పులను సి.ఐ.ఎన్. 1, 2, 3 అని మూడు స్థాయిలుగా చెబుతారు. మొదటి స్థాయి ఎక్కువగా దానంతట అదే తగ్గిపోతుంది. మూడో స్థాయి అలా కాదు. అది ఎంత ప్రమాదకరమో ప్రపంచానికి తెలిసిన తీరు విచారకరం. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో 1960, 70 దశకాల్లో కొందరు స్త్రీలకు ఈ మార్పులున్నాయని తెలిసి కూడా తగిన చికిత్స చేయకుండా గమనిస్తూ ఉండిపోయారు. 1987లో దానిపై న్యాయ విచారణ జరిగింది. అలా చికిత్స సరిగా అందనివారిలో 30 ఏళ్లలో నూటికి సుమారు 30 మందికి క్యాన్సర్ వచ్చిందని తరవాతి పరిశీలనలో తేలింది.

వైరస్ సోకినప్పటి నుంచి క్యాన్సర్ వచ్చే దాకా సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్.ఐ.వి. ఉండి మందులు వాడని స్త్రీలలో ఈ వ్యవధి 5 నుంచి 10 ఏళ్లకు కుదించుకుపోవచ్చు. ఎక్కువ కాన్పులు, ఏళ్ల తరబడి గర్భనిరోధక మాత్రలు వాడటం, పొగాకు కూడా ప్రమాదాన్ని పెంచుతాయి. ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో చుట్టను మండే కొస నోట్లో పెట్టుకొని కాల్చే స్త్రీలకు అంగిలి క్యాన్సర్ గురించి మాత్రమే చెబుతుంటారు. పొగ తాగడం ముఖద్వారానికీ చేటేనని వారికి చెప్పాలి.

పదిహేను ఇరవై ఏళ్ల గడువు ఇచ్చే క్యాన్సర్లు చాలా తక్కువ. అయితే ఆ గడువంతా స్త్రీకి ఏ బాధా ఉండదు.

3. లక్షణాలు, గర్భసంచి ఆపరేషన్లు

లక్షణాలు కనిపించేసరికి సాధారణంగా క్యాన్సర్ ఏర్పడి ఉంటుంది. సంభోగం తరవాత రక్తం కనిపించడం, రెండు నెలసరుల మధ్య రక్తస్రావం, ముట్లుడిగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపించడం, దుర్వాసనతో నీళ్లలాంటి లేదా రక్తం కలిసిన స్రావం ముఖ్యమైనవి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా "వయసు మీద పడింది, వేడి చేసింది" అనుకోకుండా ఆ వారంలోనే చూపించుకోవాలి. ముట్లుడిగాక కనిపించే రక్తం ఒక్క చుక్కయినా సరే, లెక్కలోకి తీసుకోవలసిందే. వ్యాధి ముదిరితే నడుము నొప్పి, కాలి వాపు వస్తాయి. మూత్రనాళాలు మూసుకుపోయి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఇక తెల్లబట్ట. ఇది చాలా సందర్భాల్లో మామూలు ఇన్‌ఫెక్షన్. కొందరిలో అసలు జబ్బే కాదు. కానీ మన రెండు తెలుగు రాష్ట్రాల్లో తెల్లబట్టకూ, నడుము నొప్పికీ "గర్భసంచి పుండు పడింది, తీయించకపోతే క్యాన్సర్ అవుతుంది" అనే మాట తోడై ఎందరో స్త్రీలను ఆపరేషన్ బల్ల మీదికి పంపింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు 3 మంది. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 మంది, తెలంగాణలో సుమారు 8 మంది. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. ఇదే సర్వే 2019-21 విడతలో 30-49 ఏళ్ల స్త్రీలలో ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. క్యాన్సర్ భయంతో అవయవాన్నే తీయించుకుంటున్నాం. ఆ భయం నిజమో కాదో అయిదు నిమిషాల్లో చెప్పే పరీక్ష మాత్రం చేయించుకోవడం లేదు. దీనికి స్త్రీల అమాయకత్వం ఒక్కటే కారణమని నేను అనుకోను. పరీక్షతో వచ్చే ఆదాయానికీ ఆపరేషన్‌తో వచ్చే ఆదాయానికీ ఉన్న తేడాను కూడా ఆలోచించాలి.

ముఖద్వార పరీక్ష లేకుండా గర్భసంచి తీయడంలో మరో ప్రమాదం ఉంది. లోపల అప్పటికే క్యాన్సర్ ఉంటే మామూలు ఆపరేషన్ దానికి చాలదు. చుట్టుపక్కల కణజాలం మిగిలిపోతుంది. తరవాత చేయవలసిన చికిత్స జటిలమవుతుంది. కొన్ని ఆపరేషన్లలో ముఖద్వారాన్ని ఉంచి పైభాగం మాత్రమే తీస్తారు. అలాంటివారికి పరీక్షల అవసరం తీరలేదు. కాబట్టి గర్భసంచి తీయాలని ఎవరు చెప్పినా, ముఖద్వార పరీక్ష ఫలితం చూపించమని ముందు అడగండి.

4. పరీక్షలు

బాధ లేని స్త్రీలలో వ్యాధిని, దాని ముందు మార్పులను వెదకడాన్ని స్క్రీనింగ్ అంటారు. దీనికి మూడు పద్ధతులున్నాయి.

పాప్ పరీక్ష వీటిలో పాతది. గ్రీసులో పుట్టి అమెరికాలో పనిచేసిన జార్జ్ పాపనికొలావు దీనికి ఆద్యుడు. 1940లలో ఆయన ప్రచురణల తరవాత వ్యాప్తిలోకి వచ్చింది. ముఖద్వారం నుంచి చిన్న బ్రష్‌తో కణాలు తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. దశాబ్దాల పాటు క్రమబద్ధంగా దీన్ని అమలుచేసిన దేశాల్లో మరణాలు బాగా తగ్గాయి. కానీ దీనికి శిక్షణ పొందిన నిపుణులు, ప్రయోగశాలలు, మూడేళ్లకొకసారి పరీక్షకు పిలిచే ఏర్పాటు కావాలి. మన గ్రామాలకు ఇది అందలేదు.

రెండోది వి.ఐ.ఎ. పరీక్ష. సులభంగా చెప్పాలంటే వెనిగర్ పరీక్ష. 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లాన్ని దూదితో ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. మారిన కణాలున్న చోటు తెల్లగా కనిపిస్తుంది. ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది, కరెంటు లేకపోయినా టార్చిలైటుతో చేయవచ్చు, శిక్షణ పొందిన నర్సు చేయగలరు. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి సుమారు 1,50,000 మంది స్త్రీలతో జరిపిన అధ్యయనంలో, పదో తరగతి చదివి శిక్షణ పొందిన స్థానిక మహిళలే రెండేళ్లకొకసారి ఈ పరీక్ష చేశారు. ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. కేంద్ర ప్రభుత్వం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకొకసారి ఈ పరీక్షనే సూచించింది. దీనికి రెండు లోపాలున్నాయి. చూసేవారి అనుభవాన్ని బట్టి ఫలితం మారవచ్చు. ముట్లుడిగిన వారిలో పరివర్తన మండలం లోపలికి వెళ్లిపోతుందని చదివారు కదా, అందువల్ల వారిలో ఇది అంతగా పనికిరాదు.

మూడోది హెచ్.పి.వి. పరీక్ష. కణాల ఆకారాన్ని కాకుండా ప్రమాదకర వైరస్ ఉందా లేదా అన్నది నేరుగా చూస్తుంది. దీని శక్తిని ప్రపంచానికి చూపినది మన పొరుగునే, ఒకప్పుడు హైదరాబాదు సంస్థానంలో భాగమైన ఉస్మానాబాదు జిల్లాలో. అక్కడ 30-59 ఏళ్ల స్త్రీలు 1,31,000 మందికి పైగా పాల్గొన్న అధ్యయనంలో ఒక్కొక్క సమూహానికి ఒక్కొక్క పరీక్ష, అదీ జీవితంలో ఒక్కసారే చేశారు. ఎనిమిదేళ్ల తరవాత చూస్తే, హెచ్.పి.వి. పరీక్ష జరిగిన సమూహంలో మరణాలు పరీక్ష లేని సమూహంతో పోలిస్తే దాదాపు సగమే. ఆ ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నుంచి ఈ పరీక్షనే ముందు వరుసలో పెట్టింది: 30 ఏళ్ల నుంచి 5-10 ఏళ్లకొకసారి, హెచ్.ఐ.వి. ఉన్న స్త్రీలకు 25 ఏళ్ల నుంచి 3-5 ఏళ్లకొకసారి. దీనిలో మరొక సౌలభ్యం ఉంది. చిన్న బ్రష్‌ను యోనిలోకి పెట్టి తిప్పి, నమూనాను స్త్రీ తనకు తానే తీసుకోవచ్చు. సిగ్గు వల్ల బల్ల ఎక్కడానికి వెనుకాడే వారికి ఇది పెద్ద వెసులుబాటు. ధర, అందుబాటు ఇంకా సమస్యలే.

పరీక్షకు వెళ్లే స్త్రీకి ముందే కొన్ని విషయాలు చెప్పాలి. నెలసరి రోజుల్లో కాకుండా వెళ్లాలి. ముందు రెండు రోజులు లోపల మందులు పెట్టుకోకూడదు. ముఖద్వారం కనిపించడానికి స్పెక్యులం అనే పరికరం పెడతారు. కాస్త ఇబ్బందిగా ఉంటుంది, నొప్పి ఉండదు. కత్తి, కుట్లు, మత్తు ఏవీ ఉండవు. అయిదు నిమిషాల్లో లేచి పనికి వెళ్లవచ్చు.

అసలు జారిపోయేది పరీక్ష తరవాత. పాజిటివ్ అని తెలిసిన స్త్రీ పెద్దాసుపత్రికి వెళ్లడం మానేస్తే పరీక్ష చేసి ప్రయోజనం లేదు. పాజిటివ్ అంటే క్యాన్సర్ ఉన్నట్టు కాదు, ఇంకా దగ్గరగా చూడాలని అర్థం. కాల్పోస్కోపు అనే భూతద్దంతో చూసి, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఎక్కువమందిలో క్యాన్సర్ ఉండదు.

ఇక్కడ ఆగి ఈ ప్రశ్నకు మీ నోటుపుస్తకంలో జవాబు రాయండి: ఒక శిబిరంలో 36 ఏళ్ల స్త్రీకి వి.ఐ.ఎ. పాజిటివ్ వచ్చింది. "కోతలు అయ్యాక చూద్దాంలే, నీకేం బాధ లేదుగా" అన్నారు అత్తగారు. మీరు ఆ ఊరి అంగన్‌వాడీ కార్యకర్త అయితే అత్తగారితో ఏం మాట్లాడతారు? కోడలితో మాట్లాడి ఊరుకుంటే సరిపోతుందా?

5. టీకా

హెచ్.పి.వి. టీకాలో వైరస్ ఉండదు. వైరస్ పైపొరను పోలిన ఖాళీ గుల్ల మాత్రమే ఉంటుంది. లోపల జన్యుపదార్థం లేదు కాబట్టి టీకా వల్ల వైరస్ సోకే ప్రశ్నే లేదు. శరీరం ఆ గుల్లను గుర్తుపెట్టుకొని, అసలు వైరస్ వచ్చినప్పుడు అడ్డుకుంటుంది. అప్పటికే తిష్ఠ వేసిన వైరస్‌ను ఇది తొలగించలేదు. అందుకే వైరస్ సోకే అవకాశం రాకముందు, 9-14 ఏళ్ల మధ్య ఇవ్వడం ఉత్తమం. పెద్ద వయసులో వేయించుకుంటే ప్రయోజనం తగ్గుతుంది. టీకా అన్ని రకాలనూ ఆపదు కాబట్టి టీకా వేయించుకున్న అమ్మాయి కూడా 30 ఏళ్లు వచ్చాక పరీక్షలు చేయించుకోవాలి.

తొలి టీకా 2006లో వచ్చింది. దాని ఫలితం తెలియడానికి ఏళ్లు పట్టింది, ఎందుకంటే పన్నెండేళ్ల బాలికకు రాబోయే క్యాన్సర్‌ను లెక్కించాలంటే ఆమె పెద్దదయ్యే దాకా ఆగాలి. ఇప్పుడు ఆ లెక్కలు వచ్చాయి. ఇంగ్లండులో 12-13 ఏళ్ల వయసులో టీకా అందిన తరంలో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గింది. స్కాట్లండులో ఆ వయసులో టీకా వేయించుకున్నవారిలో ఒక్క కేసూ కనిపించలేదని 2024లో ప్రకటించారు.

మన ప్రాంతంలో ఈ టీకా అనగానే ఖమ్మం గుర్తుకు వస్తుంది. దాన్ని దాటవేసి టీకా గురించి చెబితే ఎవరూ నమ్మరు. 2009లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది 10-14 ఏళ్ల బాలికలకు పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఈ టీకా ఇచ్చాయి. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇదే కార్యక్రమం జరిగింది. కొందరు బాలికలు చనిపోయారని తెలిసి మహిళా సంఘాలు ప్రశ్నించాయి. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపివేసింది. విచారణ సంఘం ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చునని చెప్పింది. అయితే అనుమతి పత్రాల విషయంలో తప్పులు బయటపడ్డాయి. వసతిగృహాల్లో ఉండే పేద, గిరిజన బాలికల తరఫున తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఈ రెండు విషయాలనూ కలపకుండా చూడాలి. టీకా భద్రత ఒకటి, దాన్ని ఇచ్చిన పద్ధతి మరొకటి. ఆ తరవాత ప్రపంచమంతటా కోట్ల మోతాదులు ఇచ్చారు. టీకా సురక్షితమని తేలింది. చేయి నొప్పి, కాస్త జ్వరం, కొందరిలో కళ్లు తిరగడం సాధారణం. అందుకే వేశాక 15 నిమిషాలు కూర్చోబెడతారు. పద్ధతి మాత్రం అప్పుడు తప్పే. భద్రాచలం ప్రాంతపు తల్లికి తన బిడ్డకు ఏ సూది వేస్తున్నారో తెలుసుకునే హక్కు నగరంలోని తల్లికి ఎంత ఉందో అంతే ఉంది. ఆ హక్కును పక్కన పెట్టినందువల్లే ఒక మంచి టీకా మీద చాలా ఏళ్ల పాటు అనుమానం మిగిలింది.

ఆ నిలిపివేత నుంచి ఎవరూ ఊహించని ఫలితం ఒకటి వచ్చింది. అదే కాలంలో దేశంలోని వేర్వేరు కేంద్రాల్లో రెండు మోతాదులు, మూడు మోతాదులను పోల్చే మరో పరిశోధన నడుస్తోంది. 2010 ఉత్తర్వుతో అదీ ఆగిపోయింది. వేల మంది బాలికలకు ఒక్క మోతాదే అందింది. పరిశోధకులు వారిని వదిలేయకుండా పదేళ్లు గమనించారు. 16, 18 రకాలు తిష్ఠ వేయకుండా ఒక్క మోతాదు కూడా దాదాపు 95 శాతం రక్షణ ఇచ్చిందని 2021లో ప్రచురించారు. ఇతర దేశాల ఫలితాలతో కలిపి చూసి, 9-20 ఏళ్ల వారికి ఒకటి లేదా రెండు మోతాదులు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారికి మాత్రం కనీసం రెండు, వీలైతే మూడు కావాలి.

పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన స్వదేశీ టీకా సర్వావ్యాక్‌కు 2022లో అనుమతి లభించింది. ప్రభుత్వం తరఫున మీ ప్రాంతంలో ఏ వయసు వారికి, ఎక్కడ ఉచితంగా ఇస్తున్నారో ఆశా కార్యకర్తను గాని ఏ.ఎన్.ఎం.ను గాని అడిగి తెలుసుకోండి.

6. చికిత్స

క్యాన్సర్ పూర్వ మార్పులకు చికిత్స చిన్నది. క్రయోథెరపీలో ఆ భాగాన్ని వాయువుతో గడ్డకట్టిస్తారు. థర్మల్ అబ్లేషన్‌లో వేడి కొనతో నిమిషంలోపు కాలుస్తారు. మార్పులు లోపలికి వ్యాపించి ఉంటే లీప్ అనే పద్ధతిలో సన్నని విద్యుత్ తీగతో ఆ ముక్కను తీస్తారు. సాధారణంగా అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు. గర్భసంచి అలాగే ఉంటుంది, పిల్లలను కనవచ్చు. కొన్ని వారాలు నీళ్లలాంటి స్రావం ఉంటుంది. నెల రోజులు కలయికకు దూరంగా ఉండాలి.

క్యాన్సర్ అని తేలితే ఎంత వ్యాపించిందో చూసి నాలుగు దశలుగా విభజిస్తారు. మొదటి దశలో అది ముఖద్వారానికే పరిమితం. రెండో దశలో దాన్ని దాటుతుంది. మూడో దశలో కటి గోడను గాని, యోని కింది భాగాన్ని గాని, శోషరస గ్రంథులను గాని చేరుతుంది. నాలుగో దశలో మూత్రాశయం, పురీషనాళం లేదా దూరపు అవయవాలకు వెళుతుంది. అమెరికా గణాంకాల్లో వ్యాధి ముఖద్వారం దాటకముందే దొరికినవారిలో అయిదేళ్ల తరవాత బతికి ఉన్నవారు నూటికి 90 మంది. దూరపు అవయవాలకు చేరాక దొరికితే 20 మంది కూడా ఉండరు.

మొదటి దశలో చిన్న కణితికి ఆపరేషన్ చేస్తారు. దీనిలో గర్భాశయంతోపాటు చుట్టూ ఉన్న కణజాలాన్ని, శోషరస గ్రంథులను తీస్తారు. దీన్ని క్యాన్సర్ శస్త్రచికిత్సలో శిక్షణ ఉన్నవారే చేయాలి. వయసులో ఉన్నవారికి అండాశయాలను ఉంచే వీలుంటుంది. పిల్లలు కావాలనుకునే కొందరికి ముఖద్వారం మాత్రమే తీసి గర్భాశయాన్ని కాపాడే పద్ధతి కూడా ఉంది.

మన ఆసుపత్రులకు వచ్చేవారిలో చాలామంది రెండు, మూడు దశల్లో వస్తారు. వారికి ప్రధాన చికిత్స రేడియేషన్, జనం మాటల్లో "కరెంటు పెట్టడం". పేరు విని షాక్ కొడుతుందని భయపడేవారున్నారు. అది ఎక్స్‌రే వంటి కిరణాలతో చేసేది. పెట్టేటప్పుడు నొప్పి తెలియదు. వారానికి అయిదు రోజుల చొప్పున సుమారు అయిదు వారాలు బయటి నుంచి ఇస్తారు. దాంతోపాటు వారానికొకసారి సిస్‌ప్లాటిన్ అనే మందు ఎక్కిస్తారు. ఈ రెండూ కలిపి ఇస్తే ఎక్కువమంది బతుకుతారని 1999లో వెలువడిన అధ్యయనాలు తేల్చాయి. తరవాత బ్రాకీథెరపీ, అంటే రేడియేషన్ మూలాన్ని ముఖద్వారం దగ్గరే లోపల ఉంచి ఇచ్చే చికిత్స కొన్ని విడతలు ఉంటుంది. మొత్తం ఎనిమిది వారాల్లో పూర్తికావాలి. ఆలస్యమయ్యే కొద్దీ ఫలితం తగ్గుతుంది.

చాలామంది ఆగిపోయేది బ్రాకీథెరపీకి ముందే. బయటి రేడియేషన్ రెండు మూడు వారాలు దాటేసరికి రక్తస్రావం ఆగుతుంది, వాసన పోతుంది. "తగ్గిపోయింది, ఇంక లోపల పెట్టించుకోవడం ఎందుకు" అని ఇంటికి వెళ్లిపోతారు. పిల్లల బడి, పశువులు, చేతిలో డబ్బు అయిపోవడం కూడా తోడవుతాయి. కానీ కణితి మధ్యలో మిగిలిన కణాలను చంపేంత మోతాదును బయటి నుంచి ఇస్తే పక్కనున్న మూత్రాశయం, పేగు తట్టుకోలేవు. ఆ మోతాదును లోపలి నుంచే ఇవ్వగలరు. సగంలో ఆపిన చికిత్సను కొన్ని నెలల తరవాత మొదటి నుంచి మొదలుపెట్టడం సాధ్యం కాదు. కుటుంబం మొదటి రోజే ఎనిమిది వారాల ఏర్పాటు చేసుకోవాలి: తోడుగా ఎవరుంటారు, ఇంటి దగ్గర వంట ఎవరు చేస్తారు, బస ఎక్కడ అని. వైద్య ఖర్చుకు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పథకాలున్నాయి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిది. విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రం నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఛార్జీలు, పోయిన కూలి మాత్రం కుటుంబమే భరించాలి. స్వయం సహాయక సంఘం చేయూతనిచ్చేది ఇక్కడే.

రక్తహీనత ఉంటే రేడియేషన్ సరిగా పనిచేయదు. అందుకే చికిత్స మధ్యలో హిమోగ్లోబిన్ చూసి రక్తం ఎక్కిస్తారు. దాన్ని చూసి జబ్బు ముదిరిందని భయపడనక్కర్లేదు. విరేచనాలు, మూత్రంలో మంట, నీరసం మందులతో అదుపులో ఉంటాయి. చికిత్స తరవాత యోని బిగుసుకుపోవడం, ముట్లు ఆగిపోవడం జరుగుతాయి. వీటి గురించి డాక్టర్లు తమంతట తాము చెప్పకపోవచ్చు. భార్యాభర్తలిద్దరూ కలిసి అడగాలి. బిగుసుకుపోకుండా వాడే సాధనాలున్నాయి. భార్య క్యాన్సర్ తనకు అంటుతుందేమోనని భయపడే భర్తలున్నారు. క్యాన్సర్ అంటదు. రేడియేషన్ ముగించుకొని ఇంటికి వచ్చిన స్త్రీ ఒంట్లో కిరణాలు మిగిలి ఉండవు, మనుమలను ఎత్తుకోవచ్చు.

చికిత్స పూర్తయ్యాక మొదటి రెండేళ్లు మూడు నాలుగు నెలలకొకసారి, తరవాత అయిదేళ్లు నిండే దాకా ఆరు నెలలకొకసారి చూపించుకోవాలి. వ్యాధి తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. ఈ మధ్యలో రక్తం కనిపించినా, ఒక కాలు వాచినా గడువు తేదీ దాకా ఆగకూడదు.

నయం కాని దశలో వచ్చిన స్త్రీకీ చేయవలసిన వైద్యం ఉంటుంది. కొద్ది రోజుల రేడియేషన్‌తో రక్తస్రావాన్ని ఆపవచ్చు. నొప్పికి మార్ఫిన్ మాత్రలున్నాయి. డాక్టరు చెప్పిన మోతాదులో క్యాన్సర్ నొప్పికి వాడితే అలవాటు పడిపోతారన్న భయం అక్కర్లేదు. ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో దీనికోసమే ఉపశమన చికిత్స విభాగం ఉంది. నొప్పి ఉందని ఆమె చెప్పినప్పుడు ఇంటివాళ్లు ఆ మాట నమ్మి, మందు అయిపోకముందే మళ్లీ తెచ్చిపెట్టాలి.